మీటరు చూపెట్టేది షుగరా, మనం మింగిన గోలీయా?



ఈసారి వడ్ల రేటు గురించి కాదు, యూరియా లైన్ల గురించి కాదు. షుగర్ మీటరు గురించి రాస్తున్న. జర పెద్దగనే ఉంటది, ఓపికతోని చదవండ్రి. మీ ఇంట్ల షుగర్ ఉన్నోళ్లు ఎవరన్న ఉంటే వాళ్లకు చదివి వినిపియ్యండ్రి.

షుగర్ పట్నం రోగం అనుకునే రోజులు పోయినయి. 2023ల ఐసీఎంఆర్ వాళ్లు దేశం మొత్తం మీద చేసిన సర్వే లెక్క బయటికొచ్చింది. మన దేశంల 10 కోట్ల మందికి పైగ షుగర్ ఉన్నదట, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది అంచు మీద ఉన్నరట. మన మెదక్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా వాడకు నాలుగైదు మీటర్లు కనబడతయి. పిల్లలు హైదరాబాద్‌ల నౌకర్లు చేస్తున్నోళ్లయితే తల్లిదండ్రులకు జబ్బకు అంటించే సెన్సార్ కూడ పెట్టిస్తున్నరు. ఫోన్ దగ్గర పెడితే చాలు, నంబరు పడతది. మంచిదే. కని ఆ నంబరు ఎట్ల వస్తుందో మనకు తెల్వకపోతే ఒక్కోసారి అదే మనల్ని ముంచుతది.

నేను డాక్టరును కాదు. ఎప్పుడో మెదక్‌ల ఇంటర్ బైపీసీ చదివిన, మూడెకరాల రైతును. నాకూ షుగర్ ఉన్నది. స్ట్రిప్పుల డబ్బాల వచ్చే మడతల కాగితం పారెయ్యకుండ చదివే అలవాటు ఉన్నది. డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, చదివి తెలుసుకున్నది, మా ఇంట్ల చూసింది రాస్తున్న.

ముందు మనకు తెలిసిన మిషన్ నుంచి మొదలుపెడత. కొనుగోలు సెంటర్ల తేమ మిషన్ ఉంటది గద. 17 శాతం దాటితే వడ్లు మళ్ల ఆరబొయ్యమంటరు. ఆ మిషన్ వడ్లల్ల నీళ్లను చూస్తదా? చూడదు. వడ్లల్ల కరెంటు ఎట్ల నడుస్తుందో చూసి, దాన్నిబట్టి తేమ ఇంత అని లెక్క గడతది. అందుకే ఎండల నుంచి తెచ్చిన వేడి వడ్లకు ఒక నంబరు, నీడల చల్లారినంక ఇంకో నంబరు. తాలు ఎక్కువుంటే ఒకటి, తూర్పార పట్టినంక ఒకటి. మనం హమాలీలతోని, సెంటరోళ్లతోని కొట్లాడేది దీని మీదనే. మిషన్ అబద్ధమాడింది అంటం. అది అబద్ధమాడలేదు. దానికి కనబడ్డది అది చెప్పింది.

షుగర్ మీటరు కూడ అంతే. అది షుగర్‌ను చూడదు, కరెంటును లెక్కబెడతది. స్ట్రిప్పు కొనకు ఒక ఎంజైమ్ పూసి ఉంటది. చాలా స్ట్రిప్పులల్ల, సెన్సార్లల్ల దాని పేరు గ్లూకోజ్ ఆక్సిడేజ్. రక్తం చుక్క తగలంగనే ఆ ఎంజైమ్ గ్లూకోజ్‌ను పట్టుకొని దానిల నుంచి ఎలక్ట్రాన్లను గుంజుతది. ఆ ఎలక్ట్రాన్లు సన్నటి తీగల పారితే కరెంటు పుడతది. కరెంటు ఎక్కువ పారితే షుగర్ ఎక్కువ, తక్కువ పారితే తక్కువ. ఈ ఉపాయం 1962ల అమెరికాల లీలాండ్ క్లార్క్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిండు. ఇయ్యాల మన చేతుల ఉన్న మీటరు దాని మనుమడే అనుకోండ్రి.

ఇప్పుడు అసలు మాట. ఘనపూర్ ఆనకట్ట కాలువల నీళ్లు కొలిచే కర్ర పాతినమనుకోండ్రి. అండ్ల మంజీర నుంచి వచ్చిన నీళ్లెన్ని, రాత్రి కొట్టిన వాన నీళ్లెన్ని అని ఆ కర్రకు తెల్వదు. మొత్తం కలిపి ఇంత ఎత్తు అంటది. అట్లనే రక్తంల ఎలక్ట్రాన్లను తేలికగ ఇడిచిపెట్టే వేరే సరుకు ఏదన్న కలిస్తే, మీటరు దాన్ని కూడ షుగర్ లెక్కలనే జమ కడతది.

అసొంటి సరుకుల్ల మొదటిది విటమిన్ సి. దాన్ని యాంటీ ఆక్సిడెంట్ అని అమ్ముతరు. యాంటీ ఆక్సిడెంట్ అంటే ఎలక్ట్రాన్లను ఊరికె దానం చేసేది అని అర్థం. ఏ గుణం చూసి మనం కొంటున్నమో, ఆ గుణమే సెన్సార్‌ను పక్కదారి పట్టిస్తది.

దీంట్ల లెక్క కూడ ఉన్నది. మన దగ్గర ఎక్కువగ కనబడే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సార్ ఉన్నది గద, 14 రోజులు జబ్బకు ఉండేది. రోజుకు 500 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ విటమిన్ సి తీసుకుంటే రీడింగ్ అసలు కంటే ఎక్కువ చూపెట్టొచ్చు, దానివల్ల షుగర్ బాగ పడిపోయింది కూడ తెల్వకుండ పోవచ్చు అని ఆ కంపెనీవాళ్లే కాగితం మీద రాసిన్రు. కొత్తగ వచ్చిన ప్లస్ రకాలకు ఆ హద్దు 1000 మిల్లీగ్రాములు. ఇప్పుడు మెడికల్ షాపుల దొరికే పుల్లటి చప్పరించే గోలీ చూడండ్రి. లిమ్సీ గాని, సెలిన్ గాని, ఒక్క గోలీల 500 మిల్లీగ్రాములు. ఒకటి వేసుకుంటే హద్దు మీద ఉన్నట్టు. రెండోది వేసుకుంటే హద్దు దాటినట్టు. కరోనా నుంచి జలుబు చేస్తే చాలు, పుల్లగోలీ చప్పరించుడు మనకు అలవాటయ్యింది. జామకాయ తింటేనో, నిమ్మకాయ పిండుకుంటేనో ఇంత తేడా రాదు. మాట గోలీల గురించే.

మా పెద్దన్న ఇంట్ల జరిగింది చెప్త. ఆయనకు ఇన్సులిన్ నడుస్తది. కొడుకు పట్నం నుంచి వచ్చి సెన్సార్ పెట్టిచ్చి పోయిండు. వానాకాలం నాట్ల టైముల అన్నకు జలుబు చేసింది. మెడికల్ షాపుల పుల్లగోలీల షీటు తెచ్చుకున్నడు. నోరు చప్పగ ఉన్నప్పుడల్ల ఒకటి. రోజుకు నాలుగో ఐదో. ఆయన దృష్టిల అది మందు కాదు, పిప్పరమెంటు.

నాలుగో రోజు తెల్లారుగట్ల, కరెంటు వచ్చే టైముకు మోటరు పెట్టనీకె లేచిండు. చెప్పులు తొడుక్కుంటుంటే చేతులు వణుకుతున్నయి. నుదుటి మీద చెమట. వదినె చూసింది.

"ఏమయ్య, గట్ల వణుకుతున్నవేంది?"

"ఏం లేదే. ఫోన్ల 84 ఉన్నది. మంచిగనే ఉన్నది."

"ఫోన్ మంచిగుంటే నీకు చెమటలెందుకు వడుతున్నయి? కూసో ముందుగాల."

ఆమె పాత మీటరు తీసి వేలు గుచ్చింది. 61. ఇంకేం ఆలోచన చెయ్యలేదు. మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగిపిచ్చింది. పావుగంట ఆగి మళ్ల గుచ్చితే 92. అప్పుడు ఒక రొట్టె తినిపిచ్చి కూసోబెట్టింది. ఆ పొద్దు మోటరు నేను పోయి పెట్టిన.

మీరే ఆలోచించుండ్రి. ఆ 84ను నమ్మి ఆయన చీకట్ల ఒక్కడే బాయికాడికి పోతే? స్టార్టర్ డబ్బా పక్కన, తడి నేల మీద, కండ్లు తిరిగి పడితే చూసేటోడు ఎవడు? తెల్లారినంక పాము కుట్టిందో, కరెంటు కొట్టిందో అని నలుగురు నాలుగు మాటలు అనుకుందురు. షుగర్ పడిపోయింది అని ఎవరికి తడ్తది?

తెల్లారి డాక్టరు దగ్గరికి పోతే ఆమె అడిగిన మొదటి మాట, "ఇన్సులిన్ కాకుండ ఇంకేం మింగుతున్నరు?" అన్న చెప్పలేదు. వదినె సంచిల నుంచి ఖాళీ షీటు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని చూసి తల ఊపింది. సెన్సార్ పాడు కాలేదు, పుల్లగోలీలు ఆపితే సర్దుకుంటది అన్నది. సెన్సార్‌ల ఇంకో సంగతి కూడ చెప్పింది. అది రక్తంల ఉండదు, తోలు కింద ఉండే నీటిల ఉంటది. రక్తంల షుగర్ జోరుగ పడిపోతున్నప్పుడు అక్కడికి తెలిసేసరికి ఐదు పది నిమిషాలు ఆలస్యం అయితది. రాత్రి ఆ జబ్బ మీదనే ఒరిగి పంటే ఒత్తిడికి ఉత్తగనే తక్కువ కూడ చూపెడతది.

అందుకే గుర్తువెట్టుకునేది ఒక్కటే. పాణం ఒకటి చెప్పి ఫోన్ ఇంకోటి చెప్తే, పాణాన్ని నమ్మాలె. వెంటనే వేలు గుచ్చాలె. 70 కంటే తక్కువుంటే చక్కెర, పావుగంటకు మళ్ల పరీక్ష. గుచ్చే మీటరు దగ్గర లేకపోతే చక్కెర నోట్లె వేసుకున్నంకనే మిగతా ముచ్చట. ఒక్క పూట షుగర్ జర పెరిగితే మనిషి పోడు. పడిపోతే పోతడు.

విటమిన్ సి ఒక్కటే కాదు. పారాసిటమాల్ సంగతి చూద్దాం. నాట్లేసి నడుము పట్టుకున్నా, జ్వరమొచ్చినా మనం వేసుకునేది అదే. లిబ్రే సెన్సార్‌కు దీంతోని తిప్పలు లేదు. మెడ్‌ట్రానిక్ గార్డియన్ రకం సెన్సార్లకు మాత్రం పారాసిటమాల్ వేసుకుంటే రీడింగ్ ఎక్కువ చూపెట్టొచ్చు అని హెచ్చరిక ఉన్నది. డెక్స్‌కామ్ కంపెనీ పాత సెన్సార్లకు కూడ ఇదే తిప్పలుండె. జీ6 నుంచి సరిచేసిన్రు, 6 గంటలకు 1 గ్రాము దాటకుంటే పర్వాలేదన్నరు. అంటే మీ పక్కింటాయనకు చెప్పిన మాట మీకు పనికి రాకపోవచ్చు. ఎవరి సెన్సార్ కాగితం వాళ్లు చూసుకోవాలె.

హైడ్రాక్సీయూరియా అని ఇంకో మందు ఉన్నది. సికిల్ సెల్ ఉన్నోళ్లకు, కొన్ని రక్తపు జబ్బులకు ఇస్తరు. అది వాడేటోళ్లకు డెక్స్‌కామ్, మెడ్‌ట్రానిక్ సెన్సార్లు ఎక్కువ చూపెడతయి. అసొంటోళ్లు డాక్టరుతోని మాట్లాడి వేలు గుచ్చే మీటరునే నమ్ముకోవాలె. ఇగ ఆస్పిరిన్. పెద్ద మోతాదుల వేసుకుంటే కొన్ని సెన్సార్లు జర తక్కువ చూపెడతయి. గుండెకు రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల చిన్న గోలీతోని భయం లేదు. ఇది చదివి గుండె గోలీ ఆపేటోళ్లు ఉంటరని ముందే చెప్తున్న. ఆపకుండ్రి.

వేలు గుచ్చే మీటర్లు కూడ మోసపోతయి. చెరుకు పెట్టినోళ్లకు ఎరుకే, మంబోజిపల్లి ఫ్యాక్టరీ నడిచిన రోజులల్ల రసంల బ్రిక్స్ చూసేటోళ్లు. ఆ బ్రిక్స్ అంటే ఉత్త చక్కెర కాదు, రసంల కరిగిన సరుకంత కలిపి వచ్చే లెక్క. కొన్ని రకాల షుగర్ స్ట్రిప్పులు కూడ అట్లనే గ్లూకోజ్‌కు, మాల్టోజ్ అనే ఇంకో చక్కెరకు తేడా పట్టలేకపోయినయి. కిడ్నీలు పాడై, ఇంట్లనే కడుపుల నీళ్లు ఎక్కించుకొని డయాలసిస్ చేసుకునేటోళ్లు ఉంటరు. వాళ్లు వాడే ఒక రకం నీళ్లల్ల ఐకోడెక్స్‌ట్రిన్ ఉంటది. అది ఒంట్ల విరిగి మాల్టోజ్ అయితది. మీటరు దాన్ని గ్లూకోజ్ అనుకొని పెద్ద నంబరు చూపెడితే, ఆస్పత్రిల ఇన్సులిన్ ఇచ్చిన్రు. ఒంట్ల అసలు షుగర్ పడిపోయింది. ఈ రకం స్ట్రిప్పులతోని 1997 నుంచి 2009 దాక 13 మంది చనిపోయినట్టు రిపోర్టులు వచ్చినయని అమెరికా మందుల శాఖ ఎఫ్‌డీఏ 2009ల హెచ్చరిక ఇచ్చింది. వాళ్లు ఆస్పత్రిల, డాక్టర్ల ముందట ఉన్న మనుషులు. నంబరును నమ్మి చేసిన వైద్యమే ముంచింది. మీ ఇంట్ల ఆ డయాలసిస్ చేసుకునేటోళ్లు ఉంటే, మీరు వాడే స్ట్రిప్పు పనికొస్తదా అని డాక్టరును అడగండ్రి.

విటమిన్ సిని నరంలకు గ్రాములకు గ్రాములు ఎక్కించే పద్ధతి కూడ కొన్ని చోట్ల ఉన్నది. అసొంటప్పుడు వేలు మీటరు కూడ బాగ ఎక్కువ చూపెట్టొచ్చు. అప్పుడు ల్యాబుల నరం నుంచి తీసిన రక్తమే దిక్కు.

మందులతోని సంబంధం లేకుండ మీటరును తప్పు దారి పట్టించేవి మన చేతుల్నే ఉన్నయి. మామిడిపండు కోసి, బెల్లం ముట్టి, చెయ్యి కడుక్కోకుండ గుచ్చితే ఆ చక్కెర కూడ చుక్కల కలుస్తది. సబ్బుతోని కడిగి, మంచిగ తుడిచి గుచ్చాలె. స్పిరిట్ రుద్దితే అది ఆరినంకనే గుచ్చాలె. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేస్తే తేమకు ఎంజైమ్ పాడైతది. బండి డిక్కీల పెట్టి మే నెల ఎండల తిప్పితే విత్తనం మొలక పోయినట్టే స్ట్రిప్పు పని కూడ పోతది. రక్తం తక్కువున్నోళ్లకు చాలా మీటర్లు జర ఎక్కువ చూపెడతయి.

అన్నీ సరిగ్గ ఉన్నా తేడా ఉంటది. మీటర్లకు ఉన్న అంతర్జాతీయ కొలమానం ప్రకారం 100 పైన ఉన్న రీడింగుల 15 శాతం అటు ఇటు ఉండొచ్చు. అసలు 200 ఉంటే మీటరు 170 చూపెట్టినా, 230 చూపెట్టినా అది పాసైనట్టే. నిన్న 182, ఇయ్యాల 195 అని బుగులు పడేటోళ్లు ఇది యాదికి పెట్టుకోండ్రి.

ఇంతదాక చెప్పింది మీటరును మోసం చేసే సరుకు. ఇప్పుడు ఇంకో జాతి చెప్త. ఇవి మీటరును మోసం చెయ్యవు. ఒంట్ల షుగర్‌ను నిజంగనే పెంచుతయి. రెండింటికి తేడా తెల్వకుంటే రెండు తీర్ల నష్టం. ఉత్త నంబరును నమ్మి ఇన్సులిన్ పెంచుకుంటే ఒక ప్రమాదం. నిజం నంబరును చూసి మీటరు పాడైంది అని పక్కకు పెడితే ఇంకో ప్రమాదం.

ఈ రెండో జాతికి పెద్ద స్టెరాయిడ్. 2020 జూన్‌ల ఇంగ్లండ్‌ల చేసిన రికవరీ పరిశోధనల తేలింది ఏందంటే, ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ప్రాణం కాపాడుతది అని. ఆక్సిజన్ అక్కరలేనోళ్లకు దాంతోని లాభం కనబడలేదు. కని 2021ల రెండో అల వచ్చినప్పుడు భయానికి అక్కరున్నోళ్లు, లేనోళ్లు, ఎంత వాడాలె ఎన్ని రోజులు వాడాలె అని చూడకుండ వాడిన్రు. షుగర్ ఉన్నోళ్లకు 300, 400 దాటిపోయింది. వెనుకనే బ్లాక్ ఫంగస్ వచ్చింది. అదుపు తప్పిన షుగర్, స్టెరాయిడ్, కరోనా మూడు ఒక్క దగ్గర కలిస్తే ఆ బూజుకు దున్ని పెట్టిన పొలమే. 2021 మే నెలల మన తెలంగాణ సర్కారు దాన్ని తప్పకుండ తెలియజేయాల్సిన రోగాల్ల చేర్చింది, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికి పెద్ద కేంద్రం చేసింది. కన్ను తీసేసినోళ్లు, దవడ తీసేసినోళ్లు ఎందరో. ఆ రోజులల్ల మీటరు అబద్ధమాడలేదు. ఆ నంబరును పట్టుకొని షుగర్‌ను అదుపుల పెట్టినోళ్లు చాలామంది ఒడ్డున పడ్డరు.

కరోనా పోయింది, స్టెరాయిడ్ పోలేదు. మోకాలి నొప్పికి కీలుల వేసే సూదిల అది ఉంటది. ఆ సూది వేసుకుంటే కొన్ని రోజులు షుగర్ పెరుగుతది. దమ్ముకు, తోలు రోగాలకు, కీళ్లవాతానికి ఇచ్చే గోలీలల్ల ఉంటది. ఒళ్లు నొప్పులని పోతే ఒక్క సూదితోని లేచి ఉరికేటట్టు చేసే మందుల్ల కూడ ఉండొచ్చు. పొట్లం కట్టి ఇచ్చే నాటు పొడిల స్టెరాయిడ్ కలిపినట్టు పరీక్షలల్ల బయటపడ్డ సందర్భాలు దేశంల ఉన్నయి. సూది వేసేటోళ్లను "ఇది స్టెరాయిడా, నాకు షుగర్ ఉన్నది" అని అడుగుడు మన హక్కు.

ఇంకో కిటుకు. ప్రెడ్నిసలోన్ లాంటి గోలీ పొద్దుగాల వేసుకుంటే షుగర్ మధ్యాహ్నం, సాయంత్రం పెరుగుతది. తెల్లారి పరిగడుపున చూస్తే మామూలుగనే కనబడొచ్చు. పొద్దున ఒక్కసారి గుచ్చి బాగున్నది అనుకునేటోళ్లకు ఇది దొరకదు. ఆ గోలీ నడిచినన్ని రోజులు పగటి అన్నం తిన్న రెండు గంటలకు, మాపటికి కూడ చూసుకోవాలె. షుగర్ పెరిగిందని చాన్నాళ్లు వాడిన స్టెరాయిడ్‌ను మనకు మనం ఒక్కసారే ఆపొద్దు. అది ఇంకా ముప్పు. డాక్టరు మెల్లమెల్లగ తగ్గిస్తడు.

ఎండకాలం ఓఆర్‌ఎస్ తాగుతం. లీటరు ప్యాకెట్ల 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటది. వాంతులు, విరేచనాలు అయితే తాగాల్సిందే, షుగర్ ఉన్నా తాగాల్సిందే. ఊరికె దూప తీరనీకె మాత్రం సల్లనో, మంచినీళ్లో తాగితే సరిపోతది. తియ్యటి దగ్గు సిరపులల్ల చక్కెర ఉంటది, షుగర్ ఉన్నోళ్లకు చక్కెర లేని రకాలు అడిగితే ఇస్తరు. కొన్ని బీపీ గోలీలల్ల ఉండే హైడ్రోక్లోరోథయాజైడ్ అనే ఒంటికి పోయించే మందు షుగర్‌ను జర పెంచుతది. డాక్టర్లకు ఇది ఎరుకే, లాభం ఎక్కువని ఇస్తరు.

అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ అనే గోలీలు బీపీకి, గుండె దడకు ఇస్తరు. ఇవి నంబరును మార్చుడు కంటే పెద్ద పని ఒకటి చేస్తయి. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకును, గుండె దడను దాచిపెడతయి. పొలానికి పెట్టిన బుడ్డి కుక్క నోరు కట్టేసినట్టు. చెమట మాత్రం దాచలేవు. ఈ గోలీలతోని ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ లాంటి గోలీ గాని నడిచేటోళ్లు చెమట పట్టినా, తల తిరిగినా, మాట తడబడినా వెంటనే గుచ్చి చూసుకోవాలె.

యాంటీబయోటిక్‌లల్ల లీవోఫ్లాక్ససిన్ జాతి షుగర్ మందులు వాడేటోళ్లకు షుగర్‌ను పడగొట్టొచ్చు, పెంచొచ్చు కూడ. ఆ జాతిదే గాటిఫ్లాక్ససిన్ అని ఒకటుండె, షుగర్‌ను మరీ ఆగం చేస్తుందని మన దేశంల 2011ల ఆ గోలీలు బంద్ చేసిన్రు. అందుకే ఏ యాంటీబయోటిక్ రాసినా "నాకు షుగర్ ఉన్నది, ఈ గోలీ వేసుకుంటున్న" అని చెప్పాలె.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష సంగతి కూడ రాస్త. అది రక్తంల ఎర్రకణాలకు అంటుకున్న చక్కెరను కొలుస్తది. ఐరన్ తక్కువై రక్తం తగ్గినోళ్లకు ఎర్రకణాలు ఎక్కువ రోజులు తిరుగుతయి, ఆ నంబరు అసలు కంటే ఎక్కువ వస్తది. మా ఇంటామెకు ఇట్లనే 7.1 వచ్చింది. రోజూ వేలు గుచ్చి చూసిన నంబర్లు మాత్రం మంచిగున్నయి. డాక్టరు షుగర్ గోలీ రాయలేదు, రక్తం పరీక్ష రాసిండు. హిమోగ్లోబిన్ 8. ముందు ఐరన్ గోలీలు వాడమన్నడు. నాలుగు నెలలకు రక్తం పెరిగింది, ఆ నంబరు 6.2కు దిగింది. మన ఆడోళ్లల్ల రక్తం తక్కువున్నోళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఈ పరీక్ష చేయించినప్పుడు హిమోగ్లోబిన్ కూడ చూడమని అడగండ్రి.

మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడితే ఒంట్ల బీ12 తగ్గుతది. కాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్లనే అనుకుంటం, కొందరికి బీ12 తక్కువై కూడ వస్తయి. పరీక్ష చేసి డాక్టరు రాస్తే బీ12 వాడుకోవచ్చు, దాంతోని మీటరుకు ఏం కాదు. జుట్టుకు, గోళ్లకు అని అమ్మే బయోటిన్ షుగర్ మీటరును కదిలియ్యదు గని, థైరాయిడ్ పరీక్షలను, గుండెపోటు చూసే ట్రోపోనిన్ పరీక్షను తప్పు చూపెట్టేటట్టు చెయ్యొచ్చు. రక్తం ఇచ్చే ముందు ఆ సంగతి చెప్పాలె.

ఇదంత చదివి గోలీలన్నీ పారెయ్యమని నేను చెప్తలేను. డాక్టరు రాసిన ఏ మందునూ నా పోస్టు చూసి ఆపొద్దు, తగ్గియ్యొద్దు. మనం చెయ్యాల్సిన పని చిన్నది. పొలానికి మందు కొట్టినప్పుడు ఏ తారీకు, ఏ మందు, ఎన్ని మిల్లీలు అని కొందరం రాసుకుంటం గద. పంటకు ఏదన్న అయితే ముందు ఆ పుస్తకమే తీస్తం. ఒంటికి కూడ గసొంటి పుస్తకం ఒకటి పెట్టుకోండ్రి. పిల్లల పాత నోట్‌బుక్కు చాలు. తారీకు, టైము, మీటరు నంబరు, పక్కన ఆ రోజు మింగిన ప్రతి గోలీ, వేసుకున్న ప్రతి సూది. పుల్లగోలీ అయినా రాయాలె, దగ్గు మందైనా రాయాలె, నాటు పొడి అయినా రాయాలె. మా అన్నకు ఇప్పుడు ఆ పుస్తకం వదినె రాస్తది. ఆయన మర్చిపోయినా ఆమె మర్చిపోదు.

నంబరు ఎన్నడూ లేనట్టు ఎక్కినా, దిగినా మూడు పనులు చెయ్యండ్రి. చేతులు కడిగి మళ్ల గుచ్చుండ్రి. సెన్సార్ ఉంటే వేలు మీటరుతోని సరిచూడండ్రి. నాలుగు రోజుల సంది కొత్తగ ఏం మింగినమో పుస్తకం చూడండ్రి. అంతదాక ఇన్సులిన్ మోతాదు మీ అంతట మీరు మార్చుకోకుండ్రి. మనిషి సోయి తప్పితే నోట్లె ఏం పొయ్యకుండ 108కి ఫోన్ చెయ్యండ్రి.

ఈ వారం మెదక్‌ల దవాఖానకు పోయేటోళ్లు ఉంటే, చీటీ ఒక్కటే పట్టుకొని పోకుండ్రి. ఇంట్ల గూట్లె, దిండు కింద, బండి డిక్కీల ఉన్న గోలీల షీట్లన్నీ ఒక సంచిల వేసుకొని పోండ్రి, మీటరు కూడ అండ్లనే వెయ్యండ్రి. డాక్టరు ముందట సంచి బోర్లించి, "ఇండ్ల నా మీటరును ఆగం చేసేవి ఏవి, నా షుగర్‌ను పెంచేవి ఏవి?" అని అడగండ్రి. ఏం చెప్పిన్రో నాకు కూడ చెప్పుండ్రి, పది మందికి పనికొస్తది.